ఆసుపత్రిలో ఉన్న మనిషికి కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా ఎలా చూసుకోవాలి, కడితే ఏం చేయాలి

మీ ఇంట్లో ఎవరికో తుంటి విరిగిందనో, సిజేరియన్ అనో, పక్షవాతం వచ్చిందనో, నిమోనియా అనో ఆసుపత్రిలో చేర్చారనుకోండి. అందరి టెన్షనూ ఆ జబ్బు చుట్టూనే తిరుగుతుంది. కానీ ఆపరేషన్ బాగానే జరిగి, కుట్లు మానుతూ, రేపో మాపో ఇంటికి పోవాల్సిన మనిషి బాత్రూమ్‌కని లేచి నాలుగడుగులు వేసి కుప్పకూలిపోవడం వార్డుల్లో నిజంగా జరుగుతుంది. చూసినవాళ్ళు గుండెపోటు అనుకుంటారు. కొందరిలో అసలు సంగతి వేరు: కాలి లోపలి సిరలో కట్టిన రక్తపు గడ్డ ఊడి, గుండె కుడివైపు నుంచి వెళ్ళి ఊపిరితిత్తుల రక్తనాళానికి అడ్డం పడింది. గడ్డ కాలిలో ఉంటే డాక్టర్లు డివిటి అంటారు, ఊపిరితిత్తులకు చేరితే పల్మనరీ ఎంబాలిజం అంటారు. ఈ రెండు మాటలూ గుర్తుంచుకోండి, డాక్టర్‌తో మాట్లాడేటప్పుడు పనికొస్తాయి.

ఇదంతా డాక్టర్లూ సిస్టర్లూ చూసుకునే విషయం కదా, మాకెందుకు అంటారేమో. చూసుకోవాలి, నిజమే. కానీ 2006-07లో మన దేశంలోని 10 ఆసుపత్రుల్లో రెండు వేల మందికి పైగా పేషెంట్లను పరిశీలిస్తే సగానికి పైగా మందికి గడ్డకట్టే ప్రమాదం ఉందనీ, వాళ్ళలో సరైన నివారణ అందింది దాదాపు 17 శాతం మందికేననీ తేలింది. హైదరాబాద్ నిమ్స్‌లో రక్తనాళాల సర్జన్‌గా పనిచేసిన డాక్టర్ పింజల రామకృష్ణ 2012లో ఈ లెక్కల్ని ప్రచురించారు. ఇంగ్లండ్‌లోనైతే 2010 నుంచి, ఆసుపత్రిలో చేరే ప్రతి పెద్దవాళ్ళకీ ఈ ప్రమాదాన్ని లెక్కగట్టాలని ప్రభుత్వమే ఆసుపత్రులకు లక్ష్యం పెట్టింది. మన దగ్గర ఆ లెక్క గట్టారో లేదో కనుక్కోవాల్సింది పక్కన కూర్చున్న మీరే. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు, అనుకున్నా పర్వాలేదు.

చేరిన రోజే అడగండి

డ్యూటీ డాక్టర్ రౌండ్స్‌కి వచ్చినప్పుడు సూటిగా అడగండి: "డాక్టర్ గారూ, ఈయనకి డివిటి రిస్క్ ఎంత ఉంది? గడ్డకట్టకుండా ఏం ఇస్తున్నారు? ఇవ్వకపోతే ఎందుకు ఇవ్వడం లేదు?" మూడో ప్రశ్న ముఖ్యం, ఎందుకంటే ఇవ్వకపోవడానికి కొన్నిసార్లు గట్టి కారణమే ఉంటుంది. మెదడులో రక్తస్రావం అయినవాళ్ళకి, కడుపులో పుండు నుంచి రక్తం కారుతున్నవాళ్ళకి, డెంగీతో ప్లేట్‌లెట్లు 50 వేల కంటే కిందికి పడిపోయినవాళ్ళకి రక్తం పలచబరిచే మందు మేలు కంటే కీడు చేయొచ్చు. అలాంటప్పుడు మందు బదులు కాళ్ళకి పంపు పెట్టమని అడగాలి, దాని సంగతి కిందనే చెప్తాను.

అడగడంతో సరిపోదు, మీరు చెప్పాల్సినవీ ఉన్నాయి. ఇంతకుముందు కాలిలో గానీ ఊపిరితిత్తుల్లో గానీ గడ్డ కట్టిందా, అమ్మానాన్నలకో తోబుట్టువులకో కట్టిందా, క్యాన్సర్‌కి వైద్యం నడుస్తోందా, ఈ మధ్య నెల రోజుల్లో వేరే చోట ఆపరేషన్ ఏదైనా అయిందా, ఇవన్నీ ఎవరూ అడగకపోయినా చెప్పండి. డాక్టర్లు వాడే పాడువా స్కోరులో క్యాన్సర్‌కి 3, పాత గడ్డకి 3, మంచం దిగలేకపోవడానికి 3 పాయింట్లు, 70 ఏళ్ళు దాటితే 1, ఊబకాయానికి 1. మొత్తం 4 వస్తే ప్రమాదం ఎక్కువని అర్థం. అంటే క్యాన్సర్ ఉండి 70 దాటిన మనిషి ఏ జబ్బుతో చేరినా ఆ గీత దాటేసినట్టే. ఆపరేషన్ పేషెంట్లకు వేరే లెక్క ఉంటుంది, తుంటి, మోకాలి చిప్ప మార్పిడి అంటే స్కోరు చూడకముందే రిస్క్ ఎక్కువని తెలిసిపోతుంది.

ఆడవాళ్ళ విషయంలో ఇంకొకటి. గర్భనిరోధక మాత్రలు గానీ, పూజకో పెళ్ళికో నెలసరి వాయిదా పడాలని వేసుకునే మాత్రలు గానీ వాడుతుంటే సిగ్గుపడకుండా చెప్పాలి. అవి మందులే కాదన్నట్టు ఎవరూ చెప్పరు, డాక్టర్‌కి మాత్రం ఆ ముక్క చాలా అవసరం.

టేపు తీసుకుని పిక్కలు కొలవండి

ఇది అయిదు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు, అయినా ఎవరూ చేయరు. బట్టలు కొలిచే మామూలు టేపు చాలు. మోకాలి చిప్పకి కింద, కాలి ముందువైపు చేత్తో తడిమితే ఎముక గుబ్బ ఒకటి తగులుతుంది. దాని నుంచి సరిగ్గా 10 సెంటీమీటర్లు కిందికి కొలిచి పెన్నుతో చిన్న గీత పెట్టండి, రెండు కాళ్ళకీ. ఆ గీత దగ్గర పిక్క చుట్టుకొలత తీసి ఫోన్‌లో తేదీతో సహా రాసుకోండి. రోజూ ఒకే సమయంలో, టేపు బిగించకుండా, వదులుగానూ కాకుండా కొలవాలి. ఒక కాలికంటే ఇంకో కాలు 3 సెంటీమీటర్లకు మించి లావైతే, ముఖ్యంగా నిన్న లేని తేడా ఇవాళ కనిపిస్తే, వెంటనే డాక్టర్‌కి చెప్పండి. "కాలు కొంచెం వాచినట్టుంది సార్" అంటే పక్కకి పోయే మాట, "నిన్న 34 ఉంది, ఇవాళ 38 ఉంది" అంటే డాప్లర్ (కాలి సిరల్లో గడ్డ ఉందో లేదో చూసే స్కాన్) దాకా వెళ్తుంది.

గర్భిణులకు ఎక్కువగా ఎడమ కాలికే గడ్డ కడుతుంది, అదీ చాలాసార్లు తొడ దగ్గర, కాబట్టి వాళ్ళ విషయంలో తొడ వాపు కూడా గమనించండి.

కాళ్ళు కదలాలి, మనిషి లేవాలి

పిక్క కండరం బిగిసి వదిలినప్పుడల్లా సిరల్లోని రక్తాన్ని పైకి తోస్తుంది. మనిషి మంచం మీద కదలకుండా పడుకుంటే ఆ తోపుడు ఆగిపోయి రక్తం నిలవ ఉంటుంది. దానికి ఆపరేషన్ వల్ల సిర గోడకి తగిలిన దెబ్బ, జబ్బు వల్ల రక్తం చిక్కబడే గుణం తోడైతే గడ్డ తయారవుతుంది. ఈ మూడు కారణాలనీ కలిపి జర్మన్ డాక్టర్ రుడాల్ఫ్ విర్కో పేరుతో చెప్పుకుంటారు. ఆయన పుట్టిన అక్టోబర్ 13నే ప్రపంచ థ్రాంబోసిస్ దినంగా జరుపుతున్నారు.

మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి, పాదాన్ని ముక్కువైపు లాగి మళ్ళీ కిందికి వంచమని చెప్పండి, పదేసి సార్లు, రెండు కాళ్ళకీ. పక్షవాతం వచ్చి కదపలేకపోతే ఫిజియోథెరపిస్ట్ దగ్గర నేర్చుకుని మీరే కదపండి. డాక్టర్ లేవొచ్చు అన్న మొదటి రోజే లేపండి. ముందు మంచం అంచున కాళ్ళు కిందికి వేలాడేసి రెండు నిమిషాలు కూర్చోబెట్టి, కళ్ళు తిరగడం లేదని తేలాక నిలబెట్టి, పక్కన పట్టుకుని నాలుగడుగులు వేయించండి. మనవాళ్ళ ప్రేమంతా "నువ్వు కదలకు నాన్నా, అన్నీ మంచం మీదికే తెస్తాం" అన్న మాటలో ఉంటుంది. ఆ ప్రేమ ఇక్కడ చేటు చేస్తుంది.

బాలింతల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కాన్పు తర్వాత ఆరు వారాలు గడ్డకట్టే ప్రమాదం బాగా ఎక్కువ, సిజేరియన్ అయితే ఇంకా ఎక్కువ. సరిగ్గా ఆ రోజుల్లోనే చాలా ఇళ్ళలో పథ్యం పేరుతో నీళ్ళు తగ్గించేస్తారు, చెవుల్లో దూది పెట్టి గదిలోంచి కదలనివ్వరు. దూది పెట్టుకున్నా నష్టం లేదు గానీ నీళ్ళు ఆపొద్దు, నడక ఆపొద్దు. అమ్మమ్మ ఒప్పుకోకపోతే డాక్టర్ చేత ఆమెకే చెప్పించండి, మీరు వాదించేకంటే అది త్వరగా పనిచేస్తుంది. మిగతా పేషెంట్లకీ నీళ్ళు సరిపడా తాగించాలి, అయితే గుండె, కిడ్నీ జబ్బుల్లో నీళ్ళకి కొలత పెడతారు కాబట్టి వాళ్ళ విషయంలో డాక్టర్ చెప్పినంతే.

పంపు, స్టాకింగ్స్

కాళ్ళకి చుట్టిన గుడ్డ సంచుల్లోకి గాలి ఎక్కుతూ దిగుతూ ఉండే మెషీన్‌ని వార్డులో డివిటి పంపు అంటారు. మందు ఇవ్వడం కుదరనివాళ్ళకి ఇది పెద్ద దిక్కు. కాకపోతే ఉక్కపోస్తోందని పేషెంట్ తీసేయడం, బాత్రూమ్‌కి విప్పాక మళ్ళీ చుట్టకపోవడం, ప్లగ్గులో ఫోన్ చార్జర్ పెట్టడం కోసం పంపు తీసేయడం రోజూ చూసేవే. మంచంలో ఉన్నంతసేపూ అది నడుస్తోందో లేదో మీరే కనిపెట్టుకుని ఉండాలి. కాలిలో అప్పటికే గడ్డ ఉందని అనుమానం వస్తే మాత్రం డాక్టర్ చూసేవరకు ఆ కాలికి పంపు పెట్టనివ్వొద్దు.

బిగుతు స్టాకింగ్స్ అందరికీ పనికిరావు. పక్షవాతం పేషెంట్ల మీద జరిపిన పెద్ద ట్రయల్‌లో, 2009లో, అవి గడ్డల్ని తగ్గించలేకపోగా చర్మం చిట్లడం, పుండ్లు పడడం ఎక్కువైంది. షుగర్ వల్ల కాలికి రక్తప్రసరణ తగ్గినవాళ్ళకీ, పాదాలు చల్లగా ఉండేవాళ్ళకీ అవి వేయకూడదు. వేయమన్నవాళ్ళకి కూడా కాలు కొలిచి సైజు తీసుకోవాలి, పైఅంచు మడత పడితే అక్కడ తాడు కట్టినట్టు బిగుసుకుంటుంది, రోజుకోసారి విప్పి మడమలు చూడాలి.

పొట్ట మీద ఇచ్చే ఇంజెక్షన్

గడ్డకట్టకుండా ఎక్కువమందికి ఇచ్చేది ఎనాక్సాపారిన్ అనే రక్తం పలచబరిచే మందు, మామూలుగా 40 మిల్లీగ్రాములు రోజుకోసారి. కొన్నిచోట్ల హెపారిన్ 5000 యూనిట్లు రోజుకు రెండు మూడు సార్లు ఇస్తారు. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ళకి డోసు తగ్గించాలి, అందుకే క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) ఎక్కువ ఉందని మీకు ముందే తెలిస్తే చెప్పండి. ఏ రోజు ఏ టైమ్‌కి ఇచ్చారో రాసి పెట్టుకోండి, ఎందుకంటే నడుములో మత్తు సూది వేయాలంటే ఎనాక్సాపారిన్ మామూలు నివారణ డోసుకీ ఆ సూదికీ మధ్య కనీసం 12 గంటలు ఉండాలి, లేకపోతే వెన్నులో రక్తం చేరే ప్రమాదం ఉంది. మత్తు డాక్టర్‌కి ఆఖరి డోసు టైమ్ మీ నోటితో చెప్పడం ఏమాత్రం తప్పు కాదు.

డిశ్చార్జ్ తర్వాత ఇంట్లో మీరే ఇవ్వాల్సి వస్తే సిస్టర్ ముందు ఒకసారి చేసి చూపించి మరీ ఇంటికి వెళ్ళండి. పద్ధతి ఇది. పేషెంట్‌ని వెల్లకిలా పడుకోబెట్టి, బొడ్డుకి కనీసం 5 సెంటీమీటర్ల దూరంలో, పొట్ట పక్కవైపు చోటు చూసుకోండి, ఇవాళ కుడి అయితే రేపు ఎడమ. ముందే మందు నింపి వచ్చే సిరంజిలో చిన్న గాలి బుడగ ఉంటుంది, పూర్తి డోసు ఇస్తున్నప్పుడు దాన్ని బయటికి తోయొద్దు, తోస్తే మందు కూడా పోతుంది. చర్మాన్ని బొటనవేలు, చూపుడువేలి మధ్య మడతగా పట్టి, సూదిని నిటారుగా పూర్తిగా దించి, మెల్లగా మందు ఎక్కించి, సూది బయటికి తీసేదాకా ఆ మడత వదలొద్దు. తర్వాత రుద్దకండి, రుద్దితే నల్లగా కమిలిపోతుంది. వాడిన సూదులు మూత ఉన్న గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి ఆసుపత్రికే తిరిగి ఇవ్వండి, చెత్తబుట్టలో వేస్తే పారిశుద్ధ్య కార్మికుల చేతికి గుచ్చుకుంటుంది.

ఈ ఇంజెక్షన్లు మొదలయ్యాక 5 నుంచి 10 రోజుల మధ్య కొందరికి, అరుదుగా, ప్లేట్‌లెట్లు సగానికి పడిపోతాయి. అలా పడిపోతే రక్తం కారడం కంటే కొత్త గడ్డలు కట్టడమే ఎక్కువ జరుగుతుంది. ఆ రోజుల్లో ప్లేట్‌లెట్ పరీక్ష చేయించాలా అని డాక్టర్‌ని అడగండి.

ఇవి కనిపిస్తే ఆగొద్దు

ఒక కాలే వాచడం, పిక్క పట్టేసినట్టు నొప్పి, ఆ కాలు వెచ్చగా ఉండడం, రంగు మారడం: ఇవి కాలిలో గడ్డ గుర్తులు. ఇక్కడ ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను. ఆ కాలికి నూనె రాసి మర్దన చేయకండి, నొక్కకండి, కాపడం పెట్టకండి. పెద్దాయన కాళ్ళు నొప్పి అంటే కొడుకు కూర్చుని కాళ్ళు పట్టడం మన ఇళ్ళలో మామూలే గానీ, ఒక్క కాలే కొత్తగా నొప్పి పెట్టి వాచినప్పుడు, డాప్లర్ అయ్యేదాకా చేతులు వెనక్కి పెట్టుకోండి. నొక్కితే గడ్డ కదలొచ్చు.

ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి లోపలికి పీలిస్తే ఛాతీలో పొడిచినట్టు నొప్పి, గుండె దడదడ, దగ్గులో రక్తం, కళ్ళు తిరిగి పడిపోవడం, వేలికి పెట్టే ఆక్సిజన్ మెషీన్‌లో అంకె తగ్గడం: ఇవి ఊపిరితిత్తులకు చేరిన గుర్తులు. అన్నీ కలిసి రావాలని లేదు, ఆయాసం ఒక్కటే ఉండొచ్చు. "గ్యాస్ అయ్యుంటుంది, సోడా తాగిద్దాం" అనుకున్న ఆ అరగంటే చాలా ఖరీదైనది. నడిపించకుండా, తల వైపు ఎత్తి కూర్చోబెట్టి, సిస్టర్‌ని పిలిచి "పల్మనరీ ఎంబాలిజం అయ్యుండొచ్చా, డాక్టర్‌ని పిలవండి" అని అనండి. ఇంట్లో అయితే 108కి ఫోన్ చేసి, ఫలానా రోజు ఆపరేషన్ అయిందని మొదటి మాటగా చెప్పండి.

గడ్డ ఉందని తేలితే

కాలికి డాప్లర్ స్కాన్, ఊపిరితిత్తులకు సిటి యాంజియో చేస్తారు. డి-డైమర్ అనే రక్త పరీక్ష ఎక్కువ వచ్చిందని బెంబేలెత్తకండి, ఆపరేషన్ అయినా, ఇన్ఫెక్షన్ ఉన్నా, గర్భం ఉన్నా అది ఎలాగూ పెరుగుతుంది. అనుమానం తక్కువ ఉన్నవాళ్ళలో అది మామూలుగా వస్తే గడ్డ లేదని చెప్పడానికే దాని ఉపయోగం ఎక్కువ.

వైద్యం చాలామందికి అదే రక్తం పలచబరిచే మందు, కాకపోతే పెద్ద డోసులో. ఎనాక్సాపారిన్ అయితే బరువును బట్టి, కిలోకి 1 మిల్లీగ్రాము చొప్పున రోజుకి రెండుసార్లు. అందుకే పేషెంట్ బరువు ఊహించి చెప్పకుండా తూచి చెప్పండి. మాత్రలైతే రివరోక్సాబాన్ 15 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు 21 రోజులు, ఆ తర్వాత 20 మిల్లీగ్రాములు రోజుకోసారి. అపిక్సాబాన్ 10 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు 7 రోజులు, ఆ తర్వాత 5 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు. డోసు మారే ఆ తేదీని క్యాలెండర్ మీద ఎర్రగా రాయండి. రివరోక్సాబాన్ 15, 20 మాత్రలు పరగడుపున వేస్తే ఒంటికి సరిగ్గా పట్టవు, అన్నం తిన్నాకే వేయాలి. ఈ మందులు గడ్డని కరిగించవు, పెరగకుండా ఆపుతాయి, కరిగించే పని శరీరమే నెమ్మదిగా చేసుకుంటుంది, కాబట్టి వారానికే వాపు పోలేదని మందు మార్చేయమని పట్టుబట్టొద్దు.

బిపి పడిపోయేంత పెద్ద గడ్డ ఊపిరితిత్తుల్లో పడితే గడ్డని కరిగించే ఇంజెక్షన్ ఐసియులో ఇస్తారు. మెదడులో రక్తస్రావం అయ్యే రిస్క్ ఉందని సంతకం అడుగుతారు, ఆ రిస్క్ నిజమే, కానీ ఆ స్థితిలో ఇవ్వకపోవడం అంతకంటే పెద్ద రిస్క్ కావొచ్చు. గబగబా నాలుగు ఫోన్లు చేసి బంధువులందరినీ అడిగే సమయం అది కాదు, ఎదురుగా ఉన్న డాక్టర్‌ని అడిగి తేల్చుకోండి. రక్తం పలచబరిచే మందు అసలే ఇవ్వలేని పరిస్థితిలో పొట్టలోని పెద్ద సిరలో ఫిల్టర్ పెడతారు. అది పెడితే, ఎప్పుడు తీస్తారో ఆ రోజే అడిగి కాగితం మీద రాయించుకోండి.

మందు మొదలై, మనిషి స్థిమితంగా ఉంటే నడవొచ్చు. గడ్డ ఊడుతుందన్న భయంతో వారాల తరబడి మంచం మీద ఉంచాల్సిన అవసరం లేదు.

ఇంటికి వచ్చాక

ఆసుపత్రి వల్ల వచ్చే గడ్డల లెక్కలో డిశ్చార్జ్ తర్వాత 90 రోజులు కూడా కలిపే చూస్తారు. ఇంటికొచ్చాం కదా అని ఊపిరి పీల్చుకునే రోజుల్లోనే చాలా గడ్డలు బయటపడతాయి. తుంటి మార్పిడి తర్వాత నివారణ మందు 35 రోజుల దాకా, మోకాలికి కనీసం 10 నుంచి 14 రోజులు, క్యాన్సర్‌కి పొట్టలో పెద్ద ఆపరేషన్ అయితే 4 వారాలు ఇవ్వడం మామూలు. డిశ్చార్జ్ సమ్మరీలో ఆ మందు పేరు, ఆఖరి తేదీ ఉన్నాయో లేదో బిల్లు కట్టకముందే చూడండి. నిజంగా గడ్డ కట్టినవాళ్ళయితే కనీసం 3 నెలలు వాడాలి, ఆ పైన ఎంతకాలమన్నది గడ్డ ఎందుకు కట్టిందన్న దాన్ని బట్టి డాక్టర్ చెప్తారు. మధ్యలో స్టాక్ అయిపోయి నాలుగు రోజులు ఆగడం వంటివి పెట్టుకోవద్దు.

రక్తం పలచబరిచే మాత్రల్లో వార్ఫరిన్ గానీ ఎసిట్రోమ్ గానీ రాస్తే, రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష తప్పదు, ఎక్కువమందికి 2కీ 3కీ మధ్య ఉండాలి. పాలకూర, తోటకూర, మునగాకు పూర్తిగా మానేయమని ఎవరో చెప్తారు. మానక్కర్లేదు, వారానికి ఎంత తింటున్నారో అంతే తింటూ ఉండాలి, ఒక వారం రోజూ పప్పులో ఆకుకూర, ఇంకో వారం అసలు లేకుండా చేస్తేనే ఐఎన్ఆర్ ఊగుతుంది. ఆయుర్వేదం, మూలికల పొడులు, యాంటీబయాటిక్‌లు ఏది మొదలుపెట్టినా ముందు డాక్టర్‌కి చెప్పాలి. గర్భం వచ్చిందని అనుమానం ఉంటే వార్ఫరిన్ గురించి ఆ రోజే డాక్టర్‌ని కలవాలి, దానివల్ల బిడ్డకి హాని ఉంటుంది కాబట్టి సాధారణంగా ఇంజెక్షన్‌కి మారుస్తారు.

ఊళ్ళో ఆర్‌ఎంపి దగ్గర నొప్పికి పిరుదు మీద డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేయించుకోవడం రక్తం పలచబరిచే మందు వాడుతున్నన్ని రోజులూ కుదరదని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. కండలో రక్తం చేరుతుంది, కడుపులో రక్తస్రావం కూడా కావొచ్చు. నొప్పికి ఏం వాడాలో మీ డాక్టర్‌నే అడగండి. తారులా నల్లటి విరేచనం, ఎర్రటి మూత్రం, 10 నిమిషాలు నొక్కి పట్టినా ఆగని ముక్కు రక్తం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. బండి మీద నుంచి పడి తలకి దెబ్బ తగిలితే, మనిషి బాగానే మాట్లాడుతున్నా సరే, చూపించాల్సిందే.

మూడు నెలలు మందు వాడాక కూడా, ఇంతకుముందు సులువుగా ఎక్కిన మెట్లు ఎక్కుతుంటే ఆయాసం వస్తోందంటే వయసు అనో బలహీనత అనో వదిలేయొద్దు. కొందరికి ఊపిరితిత్తుల్లో పాత గడ్డ పూర్తిగా కరగక అక్కడ బిపి పెరుగుతుంది, దానికి వేరే వైద్యం ఉంది. ఎకో (గుండె స్కాన్) చేయించమని అడగండి, పాత సిటి రిపోర్టు వెంట తీసుకెళ్ళండి.